“మా రక్తమే అంత!”



“మా నాయన కోపిష్ఠి, మా తాతా అంతే. మా రక్తమే అంత, ఫాదర్‌గారూ!” భార్యపై చేయి చేసుకున్న ఒకాయన గుడి వరండాలో నిలబడి నాతో అన్న మాట ఇది. పూర్తిగా కొట్టివేయలేము. మనుషుల స్వభావాలలో కనిపించే తేడాలలో సుమారు 40 శాతం జన్యువుల వల్లనేనని కవలలపై జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి.

అయితే కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మైకేల్ మీనీ బృందం 1999లో ప్రకటించిన ప్రయోగం చూడండి. కొన్ని తల్లి ఎలుకలు పిల్లలను ఎక్కువగా నాకుతాయి, కొన్ని అంతగా పట్టించుకోవు. పట్టించుకోని తల్లి కన్న పిల్లలను పుట్టిన తొలిరోజే, బాగా నాకే తల్లి దగ్గరకు మార్చారు. అవి బెదురు తగ్గి పెరిగాయి. వాటిలోని ఆడవి తల్లులయ్యాక తమ పిల్లలనూ అలాగే నాకాయి. రక్తం మారలేదు, ఒడి మారింది.

మనిషి ఎలుక కాదు, నిజమే. ఎలుక తన పెంపకాన్ని తలపోసుకోలేదు. “మా రక్తమే అంత” అనగలిగినవాడు ఆ రక్తానికి కాస్త ఎడంగా నిలబడే ఆ మాట అంటున్నాడు. పైగా ఈయన తన పై అధికారి మీద ఎన్నడూ చేయి ఎత్తలేదు. అక్కడ మాత్రం రక్తం వేరా?

అదే అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు. పక్కనే ఆయన ఏడేళ్ళ కొడుకు, తండ్రి ముఖంలోకి చూస్తూ నిలబడి ఉన్నాడు.