మోత, హేతువు, ఉపాధి

కంటికి అందని కారణాన్ని దాని కార్యాన్ని బట్టి తెలుసుకోవడాన్ని న్యాయదర్శనం శేషవదనుమానం అంటుంది. పొంగిన ఏరును చూసి ఎగువన వాన పడిందని గ్రహించడం దానికి న్యాయభాష్యకారుడైన వాత్స్యాయనుని కాలం నాటి ఉదాహరణ. మాక్లూర్, ఆర్మూర్ ప్రాంతాల నుంచి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పసుపు బస్తాలు మోసే పాత డీజిల్ పికప్ వెనుక ఇరుసులో మోత విని, డిఫరెన్షియల్ అరిగిందని మెకానిక్ చెప్పడమూ ఆ కోవలోనిదే. ఇంజిన్ బలాన్ని వెనుక చక్రాలకు మళ్లిస్తూ, మలుపులో వెలుపలి చక్రాన్ని లోపలి చక్రం కంటే వేగంగా తిరగనిచ్చే పళ్లచక్రాల కూర్పే డిఫరెన్షియల్. అది ఆయిల్‌తో పాటు ఇనుప హౌసింగ్‌లో మూసి ఉంటుంది కనుక, బండి నడుస్తుండగా దాని పళ్లను చూసే వీలు లేదు.

హేతువు (ఆధారమైన గుర్తు) సాధ్యాన్ని (తేల్చవలసినదాన్ని) విడిచి ఎక్కడా ఉండకపోవడం వ్యాప్తి. మోతకూ డిఫరెన్షియల్ అరుగుదలకూ అలాంటి వ్యాప్తి లేదు, ఎందుకంటే పాడైన హబ్ బేరింగు, ఎగుడుదిగుడుగా అరిగిన టైరు కూడా ఇంచుమించు అదే మోత చేస్తాయి. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రచించిన తర్కసంగ్రహం ఈ చిక్కునే చర్చిస్తుంది: నిప్పు ఉన్నంత మాత్రాన పొగ ఉందనలేము, తడికట్టె కూడా ఉండాలి; ఇలా చాటున ఉండి వ్యాప్తిని చెడగొట్టే షరతు ఉపాధి. మెకానిక్ బండిని రోడ్డు మీదికి తీసుకువెళ్లడం ఈ ఉపాధి కోసం వెతకడమే. యాక్సిలరేటర్ తొక్కితే ఊళగా లేచి, వదలగానే స్వరం మారే మోత క్రౌన్, పినియన్ పళ్లను సూచిస్తుంది; తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డుకు మారగానే తానూ మారేది టైర్ల మోత; మలుపులో మాత్రమే వినిపించేది లోపలి చిన్న పళ్లచక్రాలది కావచ్చు. గేరు పడగానే వచ్చే ‘టక్’మనే దెబ్బ మాత్రం నమ్మదగిన సాక్షి కాదు, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ అరిగినా అదే దెబ్బ వినబడుతుంది.

ప్రత్యక్షాన్ని మాత్రమే ప్రమాణంగా ఒప్పుకునే చార్వాకుడు ఇంత తర్కమెందుకు, హౌసింగ్ విప్పి చూడమంటాడు. కానీ విప్పిన చోట మోత ఉండదు. కనిపించిన అరుగుదలే వినిపించిన మోతకు కారణమని నిర్ణయించడానికి మళ్లీ అనుమానమే, అంటే హేతువును బట్టి తేల్చుకోవడమే, కావాలి. పైగా పళ్ల మధ్య కొంత సందు ఉండి తీరాలి, డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతానికి సన్నని బూడిదరంగు ముద్ద పట్టడమూ మామూలే. ఎంత సందు దోషమో, ఏ పరిమాణపు లోహపు తునక ప్రమాదమో కన్ను తనంతట తాను చెప్పలేదు.

అలాగని సందేహం అంతులేకుండా సాగదు. 10వ శతాబ్దపు నైయాయికుడు ఉదయనుడు దానికి ఆచరణలోనే హద్దు చూపాడు: సందేహించేవాడి నడతకు అతని సందేహమే విరుద్ధమైన చోట అది నిలవదు. మోతను బట్టి ఏదీ తేలదని వాదిస్తూనే, పసుపు సీజనులో ఆ బండికి సగం బస్తాలే ఎక్కించే యజమాని డిఫరెన్షియల్ అరిగిందన్న అనుమితిని అప్పటికే అంగీకరించినట్లే.