ఓడ, దేవుడు, యంత్రము

1984వ సంవత్సరమున విశాఖపట్టణపు రేవున ప్రవేశించిన ఎం.వి. ఎలిజబెత్ అను విదేశీ నౌకను ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానపు ఉత్తర్వు ననుసరించి నిర్బంధించిరి. మార్మగోవా రేవున ఎక్కించుకొన్న సరకును, బిల్ ఆఫ్ లేడింగ్ ఇయ్యకయే కొనిపోయి, పంపినవారు వలదన్నను అవతలివారి కప్పగించినదని దానిపై అభియోగము. యజమాని సముద్రముల కావల నున్నాడు. చేతి కందినది ఓడ యొక్కటే. కనుక న్యాయశాస్త్రము ఓడనే ప్రతివాదిగా నిలిపి, పూచీకత్తు చెల్లించినపిమ్మటగాని దానిని విడువలేదు. 1861 నాటి ఆంగ్లశాసనము దిగుమతి సరకులనే పేర్కొన్నదనియు, ఎగుమతి సరకు తగవు విచారించు అధికారము ఇచటి న్యాయస్థానమునకు లేదనియు ఓడవారు వాదింపగా, పరప్రభువులు వ్రాసిపెట్టిన పంక్తికడనే మన న్యాయము నిలిచిపోవలసిన పనిలేదని సర్వోన్నత న్యాయస్థానమున న్యాయమూర్తి తొమ్మెన్ 1992లో తేల్చిరి. ఆ పాతశాసనములను రద్దుచేసిన మన నౌకాధికార చట్టము అమలులోనికి వచ్చినది 2018 ఏప్రిల్ 1న. శాసనసభలు ఓడలకంటె మెల్లగా నడచును.

ప్రాణము లేని వస్తువు ప్రతివాది యగుట ఇతరులకు వింతయేమో గాని విశాఖవాసులకు గాదు. సింహాచలముపై వెలసిన వరాహలక్ష్మీనృసింహస్వామి వారికి దేవుడే గాక భూస్వామి కూడ. దశాబ్దములుగా తెగక నలుగుచున్న పంచగ్రామముల భూముల తగవు స్వామివారి ఆస్తి తగవే. దేవతామూర్తి ఆస్తి కలిగియుండగల న్యాయవ్యక్తి యని 1925లోనే, కలకత్తా మల్లిక్ కుటుంబమువారి కులదేవత వ్యాజ్యమున, ప్రీవీ కౌన్సిలు అంగీకరించెను. భక్తునికి ఆ మూర్తి చైతన్యస్వరూపము. న్యాయాధిపతి యా ప్రశ్న జోలికే పోక, స్వామి పక్షమున మాటాడు వారెవరు, మాన్యముల లెక్క చెప్పవలసిన వారెవరు అని మాత్రమే యడుగును. ఈ యణకువయే న్యాయశాస్త్రమునకు బలమని నా తలంపు. కృత్రిమమేధకు చేతన కలదా లేదా యని నేడు సభలలో గొంతులు చించుకొనువారు, వేదాంతులకు విడువవలసిన ప్రశ్నను న్యాయస్థానము మెట్లెక్కించుచున్నారు.

న్యాయస్థానమున నిజముగా తలయెత్తిన చిక్కు వేరు: యంత్రము చూపినదానిని ఏ ప్రమాణముగా గొనవలెను? లిఖితము, భుక్తి (అనగా అనుభవము), సాక్షులు ప్రమాణములనియు, ఇవి లేనిచో దివ్యములు శరణ్యములనియు యాజ్ఞవల్క్యస్మృతి చెప్పినది. ఆ స్మృతికి వ్యాఖ్యయైన మితాక్షరను కేతన కవి విజ్ఞానేశ్వరీయముగా తెనుగు చేసినాడు. (పంచగ్రామముల వారు నేటికిని చెప్పుకొనునది భుక్తినే.) రేవు ద్వారముకడ నున్న కెమెరా లారీని చూచి వేళతో సహా నమోదుచేయును, రూపమునకది లిఖితము, చేయుపని సాక్షిది. కాని సాక్షికి పాపభీతి కలదు, ప్రమాణము చేయించుట కాతడు దొరకును. కెమెరాకు రెండును లేవు. అందుచేతనే 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము, తన 63వ సెక్షనున, యంత్రము వెనుకనొక మనుష్యుని నిలుపుచున్నది. అట్టి సాక్ష్యముతో జతపరచవలసిన సర్టిఫికెట్టున మొదటి భాగము దాఖలుచేయువాడు నింపి సంతకము పెట్టవలెను, రెండవది నిపుణుడు. రెంటను హాష్ విలువ వ్రాయవలెను: ఎస్‌హెచ్‌ఏ 256 పద్ధతిలో నది అరువదినాలుగు అక్షరముల, అంకెల వరుస, వీడియోలో ఒక్క క్షణము కత్తిరించినను ఆ వరుస గుర్తుపట్టరాకుండ మారిపోవును. ఇదంతయు వట్టి కాగితపు తతంగమని న్యాయవాదులు కొందరు విసుగుకొందురు. నేనట్లనుకొనను; ప్రమాణము చేయలేని దాని తరఫున చేయువాడొకడు ఉండవలసినదే. అయితే గాజువాకలో పని పోయిన కూలివాని ఆధారమంతయు ఒక చవుకబారు ఫోనులోనే యున్నపుడు, నిపుణుని ఎక్కడ వెదకి తెచ్చును? ప్రయత్నించినను సర్టిఫికెట్టు దొరకనివాడు దానిని తెప్పింపుమని న్యాయస్థానమునే వేడుకొనవచ్చునని 2020లో సర్వోన్నత న్యాయస్థానము పాత సాక్ష్యచట్టము క్రింద చెప్పినది. ఈ దారి యున్నదని యా కూలివానికి చెప్పువారే యరుదు.

సాక్ష్యముతో సరిపెట్టుకొనక యంత్రమే నిర్ణయము చేయుచోట శాస్త్రమింకను తడుముకొనుచున్నది. తెలంగాణములో కంప్యూటరు లెక్కనుబట్టి, ఇంటికి వచ్చి విచారింపకయే రేషన్ కార్డులు రద్దుచేసిరని వచ్చిన వ్యాజ్యమున, క్షేత్రస్థాయిలో మరల పరిశీలింపుమని సర్వోన్నత న్యాయస్థానము 2022లో ఆదేశించినది. ఎలిజబెత్ ఓడ రేవున కనబడెను గనుక దానిని కట్టివేయగలిగిరి. బియ్యము నిలిపివేసిన లెక్క ఏ రేవున నున్నదని పోయి పట్టుకొందురు? వ్రాసిన సంస్థ, కొన్న ప్రభుత్వశాఖ, మీట నొక్కిన గుమాస్తా ఒకరినొకరు చూపుదురు. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును మొదటినుండి తుదివరకు చదివినను, కార్డు పోయిన యిల్లాలికి ఆ యంత్రనిర్ణయపు కారణమడుగు హక్కు అందులో కానరాదు.