మందు ఎక్కడ, మత్తు ఎక్కడ?

తెలుగులో మనం రోగానికి వేసేదాన్నీ మందు అంటాం, సారాయినీ మందు అంటాం, తుపాకిలో కూరేదాన్నీ మందే అంటాం. నల్లమందు అనే మాటలోనూ అదే ఉన్నది. పేరు ఒకటైనంత మాత్రాన సరుకు ఒకటి కాదని అంగడిలో కూర్చునేవారికి వేరే చెప్పనక్కరలేదు. అయినా ఒక జబ్బు విషయంలో మనవారు ఈ చిక్కులోనే పడుతున్నారు. దానిని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఆ జబ్బును ఇంగ్లీషులో రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అంటారు. మన ఇళ్ళలో కాళ్ళ పీకులు అని ఊరుకుంటాం. పగలు తిరుగుతున్నంతసేపు ఏమీ ఉండదు. దీపాలు పెట్టే వేళకు, కదలక కూర్చున్నా పడుకున్నా, పిక్కల లోపల పురుగులు పాకినట్టు ఒక బాధ లేస్తుంది. లేచి నాలుగడుగులు వేస్తేనే నెమ్మది; మళ్ళీ పడుకుంటే మళ్ళీ మొదలు. 1672లోనే థామస్ విల్లిస్ అనే ఇంగ్లీషు వైద్యుడు దీనిని వర్ణించాడు. 1945లో స్వీడను వైద్యుడు ఎక్బొమ్ దీనికి ఆ పేరు పెట్టాడు. మన బెంగళూరు ప్రజలలో విచారించి 2007లో ప్రకటించిన లెక్క ప్రకారం సుమారు నూటికి ఇద్దరికి ఇది ఉన్నది. అందరికీ తీవ్రంగా ఉండదు. కొందరికి మాత్రం ఏళ్ళ తరబడి నిద్ర అనేది ఉండదు.

మాకు తెలిసిన ఒక కుటుంబంలో పెద్దావిడ సాయంకాలం ప్రతిక్రమణకు రావడం మానుకున్నారు. సామాయికమంటే 48 నిమిషాలు కదలక కూర్చోవాలి గదా! ఆమెకు పది నిమిషాలు గగనం. "పెద్దమ్మగారికి భక్తి సన్నగిల్లింది" అన్నారు తోటివారు. రాత్రి రెండు గంటలకు గోడ పట్టుకొని ఇల్లంతా తిరిగే మనిషిని వారు చూడలేదు. చివరకు డాక్టరు అతి తక్కువ మోతాదులో ఓపియాయిడ్ జాతి మాత్ర వ్రాస్తే, కన్నకొడుకే "నల్లమందు మా గడప తొక్కదు" అన్నాడు.

ఆ కొడుకు చెడ్డవాడు కాడు. మద్యాన్ని మహావికృతిగా ఎంచే ఇంట పెరిగినవాడు. అమెరికాలో ఈ జాతి మాత్రలను కంపెనీలు లాభాపేక్షతో జనం మీదికి వదిలినందువల్ల మొదలైన ఉపద్రవంలో లక్షల మంది పోయిన మాట కూడా నిజమే. భయానికి కారణం ఉన్నది. కాని భయపడేవాడు సరుకు పరీక్షించి భయపడాలి.

ఈ మాత్ర మొదటి మెట్టు కాదు. మొదట రక్తంలో ఇనుము చూడాలి. లాబొరేటరీ కాగితం మీద నార్మల్ అని ఉన్నా, ఈ జబ్బుకు ఫెరిటిన్ 75కు మించకపోతే ఇనుము ఇవ్వాలంటారు. శాకాహారంలోని ఇనుము ఒంటికి తక్కువగా పడుతుంది. భోజనం కాగానే కాఫీ, టీ తాగితే మరీ తక్కువ. (మన ఆడవారికి ఈ అలవాటు మాన్పించడం ఎవరి తరం!) తుమ్ములకు వేసే మాత్రలు కొన్ని, వాంతుల మాత్రలు కొన్ని బాధను పెంచుతాయి. తరువాత గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ ఉన్నాయి. ప్రామిపెక్సోల్, రోపినిరోల్ అనేవి మొదట మంత్రం వేసినట్టు పనిచేసి, పోనుపోను చాలామందికి బాధను ముందటికంటె పెంచుతాయి, చక్రవడ్డీ అప్పువంటివి. అందుకే 2025లో అమెరికా నిద్రవైద్యులు వాటిని మామూలుగా వాడవద్దన్నారు. ఇవేవీ పనిచేయని తీవ్రరోగులకే మెథడోన్, బ్యూప్రినార్ఫిన్ వంటివి కొద్ది మోతాదులో. మలబద్ధకం, అలవాటుపడే ప్రమాదం ఉన్నవి. నిద్రలో ఊపిరి ఆగేవారికి అపాయం; నిద్రమాత్రలతో కలపరాదు. ఇనప్పెట్టె తాళం, మాత్రల లెక్క ఇంట్లో మరొకరి చేతిలో ఉండాలి.

"కర్మఫలం, ఓర్చుకోవాలి" అనేవారున్నారు. తత్త్వార్థసూత్రం 22 పరీషహాలలో రోగాన్నీ చెప్పింది, శయ్యనూ చెప్పింది. అవి మునులు తమంత తాము పూనినవి. తన బాధను తాను ఓర్చుకుంటే తపస్సు. మంచం పక్కన హాయిగా గురకపెట్టేవాడు ఎదుటివారిని ఓర్చుకోమంటే దానికి తపస్సు అనే పేరు ఎట్లా వస్తుంది? చౌవిహార్ ఉన్నవారికి రాత్రి మాత్ర ఎట్లా అని మరొక సందేహం. ప్రత్యాఖ్యానంలోనే, తీవ్రబాధలో సమాధి నిలుపుకొనేందుకు మందు పుచ్చుకొనే సడలింపును, సర్వసమాధి ప్రత్యయికమనే ఆగారంగా పెద్దలు ఉంచారు. నియమం కట్టినవారే తలుపూ పెట్టారు. తమకు తగిన దారి గురుమహరాజులను అడిగి తెలుసుకోవచ్చు.

ఇక మన దేశం సంగతి. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో లైసెన్సు మీద గసగసాల పంట వేసి, ప్రపంచానికి నల్లమందు పంపిన దేశం మనది. నీమచ్, ఘాజీపూర్‌లలో సర్కారు ఫ్యాక్టరీలే ఉన్నాయి. అయినా 1985 చట్టం తరువాత డాక్టర్లు, మందుల షాపులవారు భయపడి, మన రోగులకు చేరే మార్ఫిన్ పదోవంతుకంటె తక్కువకు పడిపోయింది. కేరళలో 2003లో పాలియం ఇండియా స్థాపించిన డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ వంటివారు ఏళ్ళ తరబడి అడగగా అడగగా 2014లో చట్టం సవరించారు. మార్ఫిన్, మెథడోన్ మొదలైన ఆరు మందులకు గుర్తింపు పొందిన వైద్యసంస్థలలో దారి సులువయింది. అది ముఖ్యంగా క్యాన్సరు రోగుల కోసం జరిగిన పోరాటం. క్యాన్సరంటే జాలిపడతారు, కాళ్ళ పీకులంటే నవ్వుతారు. అందువల్ల ఈ రోగి వరుసలో చిట్టచివర నిలుస్తాడు.

అమెరికాలో ఈ రోగులు 1992లోనే ఒక ఫౌండేషన్‌గా ఏర్పడి తమ మాట తాము చెప్పుకుంటున్నారు. అక్కడ 2016 మార్గదర్శకాల తరువాత భయపడిన డాక్టర్లు, ఏ ఇబ్బందీ లేక మాత్ర వాడేవారికి కూడా ఉన్నట్టుండి తగ్గించారు; 2022లో మళ్ళీ సవరించి, హఠాత్తుగా ఆపరాదని హెచ్చరించవలసి వచ్చింది. మన ఊళ్ళో అంతటి సంస్థ ఇప్పుడే కావాలని నేననను. రాత్రి నిద్రలేని మనిషి పగలు డాక్టరు ముందు సరిగా మాట్లాడలేదు. ఎన్ని గంటలకు లేచారు, ఏ మాత్రకు ఏమైంది అని ఇంట్లో ఒకరు నెల రోజులు పుస్తకంలో వ్రాసి, వెంట వెళ్ళి చెప్పాలి. చిట్టా వ్రాసే చేతులు మనకు కొరతా? సంఘం వైద్యనిధిలో ఫెరిటిన్ పరీక్షకు కొంత సొమ్ము కేటాయిస్తే అది ఔషధదానమే. ఉపాశ్రయంలో వెనుక వరుస తరువాత నిలబడేందుకు, నాలుగడుగులు వేసేందుకు కొంచెం చోటు వదలాలి. దానికి ఏ డాక్టరు చీటీ అక్కరలేదు.