ఎంచువారి బాధ్యత



నలుగురిలో ఒకరిని ఎంచుకొనే పని మనలో ప్రతివారికీ ఎప్పుడో ఒకప్పుడు పడుతుంది. ఉపాధ్యాయునికి తరగతిలో, యజమానికి పనిస్థలములో, పెద్దలకు సంఘములో, తల్లిదండ్రులకు సంబంధములు చూచునప్పుడు ఇది తప్పదు. ఒకరిని ఎంచుకొనుట అంటే మిగిలినవారిని ప్రక్కన పెట్టుట కూడ. ఎంపికైన వారిని గురించి అందరమూ మాట్లాడుకొంటాము. ప్రక్కన పెట్టినవారి పట్ల మనకు బాధ్యత ఏమైనా ఉన్నదా? ఉంటే అది ఏమిటి? ఈ మాసము ఈ ప్రశ్నను మీ ముందు ఉంచుచున్నాము.

దీనికి ఒక ఆటను ఉదాహరణగా తీసికొంటున్నాము. ఆటలో గెలుపు ఓటములు అందరి కన్నుల ఎదుట జరుగుతాయి. లెక్కలు వ్రాసి ఉంటాయి. గనుక ఎంచినవారి అంచనా సరియైనదో కాదో కొన్ని సంవత్సరములకు తేలిపోతుంది. మన ఇండ్లలోను బడులలోను అది అంత తేటగా తేలదు.

అమెరికాలో ఉద్యోగములు చేయు పిల్లల యొద్దకు వెళ్లివచ్చిన పెద్దలు ఈ ఆటను టీవీలో చూచియుందురు. అక్కడ ఫుట్‌బాల్ అంటే మనమెరిగిన కాలిబంతి కాదు. కోడిగ్రుడ్డు వంటి బంతిని చేతపట్టుకొని పరుగెత్తుచు, ఒకరికొకరు విసరుకొనుచు, ఎదుటి జట్టును త్రోసికొని ముందుకు సాగే ఆట. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ అను సంస్థలో 32 జట్లు ఉన్నాయి. కళాశాలలలో ఆడి వచ్చిన యువకులను ఈ జట్లు సంవత్సరమునకు ఒకసారి వంతులవారీగా ఎంచుకొంటాయి. దీనిని డ్రాఫ్టు అంటారు. ముందటి సంవత్సరము అందరికంటే వెనుకబడిన జట్టుకు మొదటి వంతు, ఛాంపియనుకు చివరి వంతు. ఫిలడెల్ఫియా జట్టు యజమాని బెర్ట్ బెల్ 1935లో ఈ ఆలోచన చెప్పగా, 1936 ఫిబ్రవరిలో మొదటి డ్రాఫ్టు జరిగినది. డబ్బుగల జట్లే మంచి ఆటగాండ్రనందరిని పట్టుకొనిపోకుండ బలహీనులకు ముందు అవకాశము ఇయ్యవలెనన్నది దాని ఉద్దేశము. 1994 నుండి ఏడు రౌండ్లు జరుగుచున్నాయి. మొత్తము సుమారు 260 మంది ఎంపికవుతారు. తనను ఏ జట్టు తీసికొనవలెనో చెప్పుటకు ఆటగానికి వీలు లేదు.

ఎంపికకు ముందు ఈ యువకులను పిలిచి ఎత్తు, బరువు, చేతి పొడవు కొలుస్తారు. 40 గజములు ఎన్ని సెకన్లలో పరుగెత్తినదీ, ఎంత ఎత్తు ఎగిరినదీ వ్రాసికొంటారు. వైద్యులు కీళ్లు పరీక్షిస్తారు. ప్రతి జట్టుకు పరిశీలకులు ఉంటారు. వారు ఊరూరా తిరిగి కళాశాలల ఆటలు చూచి నివేదికలు వ్రాస్తారు. ఇంత శ్రద్ధతో జరుగు ఎంపిక లోకములో అరుదు. అయినను ఏమి జరుగుచున్నదో చూడండి.

2000 సంవత్సరములో మిషిగన్ విశ్వవిద్యాలయము నుండి టామ్ బ్రేడీ అను యువకుడు డ్రాఫ్టుకు వచ్చినాడు. అతడు క్వార్టర్‌బ్యాక్, అనగా జట్టును నడిపించుచు బంతిని విసరువాడు. 40 గజములు పరుగెత్తుటకు అతనికి 5.28 సెకన్లు పట్టినది. ఆ స్థానమునకు కూడ అది మందకొడి పరుగే. అతనికంటే ముందు ఆరుగురు క్వార్టర్‌బ్యాకులు ఎంపికైనారు. చివరకు ఆరవ రౌండులో, 199వ వానిగా, న్యూ ఇంగ్లాండ్ పేట్రియట్స్ జట్టు అతనిని తీసికొన్నది. ఆ సంవత్సరపు ఛాంపియనును తేల్చే చివరి ఆటను సూపర్ బౌల్ అంటారు. బ్రేడీ 2023లో విరమించేనాటికి అటువంటివి ఏడు గెలిచినాడు. మరి ఏ ఆటగాడును అన్ని గెలువలేదు.

ఈ కథ చెప్పువారు సాధారణముగా రెండు పాఠములు చెప్తారు. ఓర్పుతో కష్టపడినవాడు ఎన్నటికైనా పైకి వస్తాడన్నది ఒకటి. ఆ జట్టువారి చూపు గొప్పదన్నది రెండవది. ఈ రెంటినీ కొంచెము నిదానించి చూడవలెనని మా మనవి.

రెండవ పాఠమును ముందు చూద్దాము. ఆ జట్టు ఆ సంవత్సరము బ్రేడీకంటే ముందు మరి ఆరుగురిని తీసికొన్నది. బ్రేడీ ఎంత గొప్పవాడగునో తెలిసియుండినయెడల ఎవరైనా 199వ వంతు వరకు ఆగుదురా? ఈ సంగతి ఆ జట్టు అధికారులలో ఒకరైన స్కాట్ పియోలీ మరచిపోలేదు. ఐదవ రౌండులో, అనగా బ్రేడీకంటే ముందు, తాము ఎంచుకొన్న మరియొక యువకుని చిత్రమును ఆయన తన బల్లమీద పెట్టుకొన్నాడు. ఆ యువకుడు ఆ జట్టు తరపున ఒక్క ఆటైనను ఆడలేదు. తాము అంత తెలివిగలవారము కామని గుర్తు చేసికొనుటకే ఆయన దానిని ఉంచుకొన్నాడు. గెలిచిన వాని చిత్రము గోడకు తగిలించుట అందరూ చేసేదే. తన అంచనా తప్పిన చోటును కన్నుల ఎదుట పెట్టుకొనుట కొందరే చేయగలరు. మంచి ఫలితము వచ్చినది గనుక మన విధానము మంచిదనుకొనుట, ఎంచువారికి వచ్చే మొదటి శోధన.

ఇక మొదటి పాఠము. కష్టపడిన ప్రతివాడును బ్రేడీ కాలేదు. చివరి రౌండ్లలో ఎంపికైనవారిలో ఎక్కువమంది కొద్దికాలములోనే ఇంటిదారి పట్టుతారు. వారిలో బ్రేడీ వలె తెల్లవారకముందే లేచి సాధన చేసినవారు ఉండరా? ఒకని కథ చెప్పి మిగిలినవారు కష్టపడలేదన్నట్లు మాట్లాడుట అన్యాయము. కొలతలన్నియు వ్యర్థమనుటయు సత్యము కాదు. మొదటి రౌండులో వచ్చినవారు సగటున చివరివారికంటే ఎక్కువ కాలము ఆడుచున్నారు. అయితే ప్రక్క ప్రక్కన ఉన్నవారిని పోల్చినప్పుడు మన తీర్పు ఎంత బలహీనమో కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ అను ఇద్దరు పరిశోధకులు చూపించినారు. ఒకే స్థానములో ఆడు ఇద్దరిలో, ముందు ఎంపికైనవాడు తన వెంటనే వెనుక వచ్చినవానికంటే మేలుగా ఆడుట నూటికి సుమారు 52 సార్లేనని వారు లెక్కకట్టినారు. నాణెము ఎగురవేసినా 50 వస్తుంది గదా! మూడు మార్కుల తేడాతో ఒకనిని మొదటి బెంచీలోను, మరియొకనిని చివరి బెంచీలోను కూర్చుండబెట్టు మనవంటి ఉపాధ్యాయులు ఈ లెక్కను జ్ఞాపకముంచుకొనవలెను.

ఇప్పుడు మరింత లోతైన సంగతికి వద్దాము. కొందరు కనిపించక వెనుకబడుతారు. కొందరిని చూడనే చూడరు. ఈ రెండును ఒకటి కాదు. అమెరికాలో 1934 నుండి 1945 వరకు ఆ లీగ్‌లో నల్లజాతి ఆటగాడు ఒక్కడును లేడు. ఆ జట్లు మొదటిసారిగా ఒక నల్లజాతి యువకుని డ్రాఫ్టులో ఎంచుకొన్నది 1949లో. అతని పేరు జార్జ్ టాలియాఫెరో, వచ్చినది 13వ రౌండులో. ఆ తరువాత కూడ దక్షిణ రాష్ట్రములలోని నల్లజాతివారి కళాశాలలకు వెళ్లి చూచిన పరిశీలకులు కొద్దిమందే. ఆ యువకులు చీకటిలో దాగియుండలేదు. పట్టపగలు, జనసమూహముల ఎదుట ఆడుచుండిరి. చూడవలసినవారే ఆ దారిన పోలేదు.

ఆ దారిన పోయినవాడు బిల్ నన్. ఆయన పిట్స్‌బర్గ్ కొరియర్ అను నల్లజాతివారి పత్రికలో పనిచేయుచు, ఆ కళాశాలల ఆటలు చూచి, ప్రతి సంవత్సరము ఉత్తమ ఆటగాండ్ర జాబితా ప్రకటించుచుండెను. 1960ల చివరలో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టు ఆయనను పరిశీలకునిగా చేర్చుకొన్నది. అలబామా రాష్ట్రములోని ఒక కళాశాలలో జాన్ స్టాల్‌వర్త్ అను యువకుడు ఉండెను. పరిశీలకులు వచ్చిన దినమున నేల తడిగా ఉన్నది. అతని పరుగు మందముగా నమోదైనది. వారందరు ఆ అంకె వ్రాసికొని వెళ్లిపోయినారు. నన్ మాత్రము ఒంట్లో బాగులేదని చెప్పి ఆగిపోయి, పొడి నేలమీద అతనిని మరల పరుగెత్తించినాడని చెప్తారు. ఒంట్లో బాగులేదన్న మాటను మేము సమర్థించము, ఆగి రెండవసారి చూచుటను మాత్రము మెచ్చుకొంటున్నాము. 1974లో స్టీలర్స్ స్టాల్‌వర్త్‌ను నాల్గవ రౌండులో తీసికొన్నది. అదే సంవత్సరము డ్రాఫ్టులో 442 మంది ఎంపికైనను డానీ షెల్ అను యువకుని ఎవరును తీసికొనలేదు. అతనిని కూడ ఆ జట్టు పిలిచినది. ఇద్దరును నాలుగేసి సూపర్ బౌల్‌లు గెలిచిన జట్టులో ఆడి, ఆ ఆటలోని ప్రసిద్ధుల మందిరములో స్థానము పొందినారు. బిల్ నన్‌కు ఆ గౌరవము 2021లో, ఆయన చనిపోయిన తరువాత దక్కినది.

తడి నేల సంగతి మనవంటి ప్రవాసులకు తెలియనిది కాదు. ఇంట్లో తెలుగు మాట్లాడు పిల్లవాడు కన్నడ బడిలోనో, తమిళ బడిలోనో, ఒరియా, మరాఠీ బడిలోనో మొదటి తరగతిలో చేరుతాడు. ప్రశ్న అర్థము కాక మౌనముగా నిలువబడుతాడు. పంతులు వానిని మందబుద్ధి అని వ్రాసికొంటాడు. వాని కాళ్లలో లోపము లేదు, నేల తడిగా ఉన్నది. ఆరు నెలలు ఆగి మరల అడిగిన పంతులు వేరొక జవాబు వింటాడు. ఆగనివాడు తాను వ్రాసికొన్న అంకెనే పిల్లవాడనుకొంటాడు.

మరియొక విషయము గమనించదగినది. జానీ యునైటస్‌ను 1955లో తొమ్మిదవ రౌండులో తీసికొన్న జట్టు ఒక్క ఆటైనా ఆడనీయక పంపివేసినది. అతడు ఆటకు 6 డాలర్లకు చిన్న జట్టులో ఆడినాడు. కర్ట్ వార్నర్‌ను 1994లో ఎవరును ఎంచుకొనలేదు. అతడు అయోవా రాష్ట్రములో ఒక కిరాణా దుకాణములో రాత్రివేళ అరలలో సరుకులు సర్దినాడు. బ్రాక్ పర్డీ 2022లో 262వ వాడు, అనగా అందరికంటే చివరివాడు. వీరిని తరువాత జట్లు చేర్చుకొన్నవి గాని ఆడించలేదు. మరి వీరికి మైదానము ఎట్లు దొరికినది? యునైటస్‌కు 1956లో, వార్నర్‌కు 1999లో, బ్రేడీకి 2001లో, పర్డీకి 2022లో, నలుగురికిని ముందున్న ఆటగాడు గాయపడినందుననే దొరికినది. వీరిని చేర్చుకొన్నవారు కూడ వీరికి తమంతట తాము చోటు ఇయ్యలేదు. ముందున్నవాడు క్షేమముగా ఉన్నందున బల్లమీదనే కూర్చుండి ఇంటికి వెళ్లినవారు ఎందరో ఎవరు చెప్పగలరు? గనుక ఎవరో పడిపోయిన దినమునకై వేచియుండక, వెనుక ఉన్నవానిని కూడ ఒకమారు ముందుకు పిలిచి చూచుట ఎంచువారి విధి. తరగతిలో ఎప్పుడును చేయి ఎత్తని పిల్లను లేపి పద్యము చదివించుటకు రెండు నిమిషములు చాలును.

డ్రాఫ్టులో చివరివానికి అక్కడివారు 'మిస్టర్ ఇర్రెలవెంట్' అను పేరు పెట్టినారు. లెక్కలోకి రాని పెద్దమనిషి అని దాని భావము. పాల్ సలాటా అను పూర్వపు ఆటగాడు 1976లో దీనిని ప్రారంభించినాడు. చివరివానిని కాలిఫోర్నియాలోని న్యూపోర్ట్ బీచ్‌కు పిలిచి, విందు చేసి, బంతి చేజారుచున్న బొమ్మను బహుమానముగా ఇస్తారు. పేరు ఎగతాళిదే అయినను, చివరివానికి కూడ ఒక పండుగ ఉండవలెనన్నది ఆయన ఉద్దేశము. పర్డీ తన జట్టును 2024 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ వరకు నడిపించగా, ఆ పేరు ఎంత తప్పో రుజువైనదని అందరూ అన్నారు. మాకు ఆ మాట సగమే సరిగా తోచుచున్నది. అతడు గెలువకపోయినను ఆ పేరు తప్పే గదా! అంతకు ముందు ఆ పేరు పొంది, పేరు తెలియకనే వెళ్లిపోయినవారిలో ఎవరును లెక్కలోకి రానివారు కారు. వెనుకబడినవానిని మనము గౌరవించుట వాడు ముందు ముందు గొప్పవాడగునేమోనన్న లెక్కతో అయితే, అది గౌరవము కాదు, వ్యాపారము.

అట్లయితే అందరినీ ఎంచుకొనవలెనా అని అడుగవచ్చును. అది సాధ్యము కాదు. చోటు కొద్ది, మనుష్యులు ఎక్కువ. ఎవరినో ఒకరిని ప్రక్కన పెట్టక తప్పదు. ప్రక్కన పెట్టుటలో దోషము లేదు. చూడకుండ ప్రక్కన పెట్టుటలోను, మన అంచనానే ఆ మనుష్యుని విలువగా ప్రకటించుటలోను దోషమున్నది.

గనుక ఈసారి మన చేతిలో ఒక జాబితా ఉన్నప్పుడు, దానిని ముగించుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొందము. మనము వెళ్లి చూడని చోటు ఏదైనా ఉన్నదా? మనము కొలిచిన దినమున నేల పొడిగా ఉండెనా? ఇప్పుడు ప్రక్కన పెట్టినవారు మరల వచ్చుటకు తలుపు తెరచి ఉంచినామా?

ఎంపిక కాక ఇంటికి వచ్చిన మన పిల్లలకు నీవు కూడ రేపు బ్రేడీవి అవుతావని చెప్పవద్దు. అది మన చేతిలో లేని వాగ్దానము. వారు వ్రాసిన పరీక్ష ఒకటి, వారు మరియొకటి అని చెప్పుదము. ఆ సాయంకాలము వారికి వడ్డించు అన్నములోను, పిలుచు పిలుపులోను ఏ తేడాయు రానీయకుందము.