కాయకము – విహారము

శ్రమనే పూజగా నమ్మినవానికి విహారము తగునా? చెమటోడ్చి కూడబెట్టిన ధనమును వినోదమునకై వెచ్చించుట ధర్మమా, అధర్మమా? ఈ ప్రశ్న పైకి చిన్నదిగా గన్పట్టును. కాని తల్లిదండ్రులు జీవితమంతయు పొలమునందో కర్మాగారమునందో గడపి, బిడ్డలు పెద్ద నగరములలో ఉద్యోగములు చేయుచున్న ఇండ్లలో ఇది తరచుగా తలయెత్తుచున్నది. బిడ్డలు ప్రేమతో పంపుదురు. పెద్దలు సంకోచముతో పోవుదురు. పోయినచోట సుఖింపలేరు, సుఖించినచో ఏదియో తప్పు చేసినట్లు లోలోన కుములుదురు. కావున దీనిని శరణుల దృష్టితో విచారించుట అవసరము.

పండ్రెండవ శతాబ్దమున కల్యాణ నగరమున బసవేశ్వరుని చుట్టును చేరిన శరణులు పనిపాటలు చేసి బ్రతికినవారు. అంబిగర చౌడయ్య పడవ నడపెను. మడివాళ మాచయ్య బట్టలుతికెను. హరళయ్య చెప్పులు కుట్టెను. కదిర రెమ్మవ్వ నూలు వడికెను. కాశ్మీర రాజ్యమును విడిచి వచ్చెనని సంప్రదాయము చెప్పు మోళిగె మారయ్యయు, ఆయన పత్ని మహాదేవమ్మయు కట్టెలమ్ముకొని జీవించిరి. నులియ చందయ్య త్రాళ్లకై గడ్డి కోయుచుండగా లింగము జారిపడెననియు, ఆయన పని మానకపోగా లింగమే ఆయనను వెంబడించెననియు కథ కలదు. ఇట్టి కథలు విని పెరిగినవానికి విశ్రాంతి యన్నది నేరమని తోచుట సహజమే.

అయినను శరణులు గౌరవించినది కాయకమును. ఎడతెగని చాకిరిని కాదు. కాయకమునకు రెండు లక్షణములు ముఖ్యములు. పని సత్యశుద్ధమై యుండవలెను. దాని ఫలములో తన అవసరమునకు మించినది దాసోహముగా సంఘమునకు చెందవలెను. ఈ రెంటిలో ఏదియు మనుష్యుడు అలసట తీర్చుకొనరాదని చెప్పుట లేదు. పగలెల్ల పనిచేసిన చాకలియు, చర్మకారుడును, పడవవాడును అనుభవ గోష్ఠిలో కూర్చుండిరనగా, వారికి పనినుండి విడిపడిన సమయము కొంత యుండెననియే గదా అర్థము! ఆ తీరిక లేకున్న ఆ గోష్ఠియే లేదు.

నిజామాబాదు మండలమున ఈ విషయము పుస్తకమునుండి నేర్చుకొనవలసినది కాదు. మంజీరా నదిపై 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరము వలన ఈ ప్రాంతమున చెఱకు విరివిగా పండెను. 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. ఒకప్పుడది ఆసియాఖండముననే పెద్దదిగా పేరొందెను. శక్కర్‌నగర్ అను పేటయే దాని చుట్టును పెరిగెను. చెఱకు నాటినది మొదలు నరకువరకు పది పండ్రెండు నెలలు పట్టును. నరకిన చెఱకు నిలువయుండదు. ఆలస్యమైనకొలది దానిలోని తీపి తరుగును. అందుచేత గానుగ ఆడు కాలమున రాత్రింబవళ్లు పనియే. బండ్ల వరుస, పొగగొట్టము, బెల్లపుపాకమును బోలిన వాసన, మూడు షిఫ్టుల కూతలు — ఊరంతయు ఒకే లయకు నడచెడిది. వేసవి రాగానే గానుగ ఆగెడిది; యంత్రములను విప్పి బాగుచేసెడివారు; పెండ్లిండ్లు, జాతరలు, బంధువుల రాకపోకలు అప్పుడే. అనగా ఇచట విశ్రాంతిని పంటయే నిర్ణయించినది. అది పనికి శత్రువు కాదు. పనిలో ఒక భాగము.

2002లో ఆ కర్మాగారమున అధికభాగము ప్రైవేటువారి చేతికి పోయెను. 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటింపబడి గానుగ ఆగిపోయెను. అంతటితో కార్మికునకు రోజంతయు తీరికయే. కాని దానిని విశ్రాంతి యని ఎవరైన అనగలరా? పని లేకపోవుట విశ్రాంతి కాదు. పని ముగిసిన పిమ్మట కలుగునది మాత్రమే విశ్రాంతి. ఆకలి లేనివాని ముందు పెట్టిన భోజనమును, అన్నము లేనివాని ఉపవాసమును ఒకటి కావు గదా!

ఇపుడొక దృష్టాంతము తీసికొందము. ఆ కర్మాగారమున పనిచేసి, అది మూతపడిన తరువాత ఒక దుకాణమున లెక్కలు వ్రాయుచు కాలము గడపిన గృహస్థుడొకడు కలడనుకొందము. ఆయన ఇల్లాలు ముప్పదియేండ్లు చాట ఒడిలో పెట్టుకొని తునికాకు కత్తిరించి బీడీలు చుట్టినది. ఆ పనికి ఋతువు లేదు, సెలవు లేదు; వేయికింత యని కూలి. దానికి తోడు వంట, పూజ, వచ్చిన జంగమునకు భిక్ష. కుమారుడు నగరమున ఉద్యోగి. అతడు తల్లిదండ్రులకు రెండు దినములు బస, భోజనము, దర్శనము అన్నియు కలిపిన ఏర్పాటు చేసి, హైదరాబాదు దాటి విజయవాడ మార్గముననున్న రామోజీ ఫిల్మ్ సిటీకి పంపెననుకొందము. 1996లో ప్రారంభమైన ఆ చిత్రనగరము ప్రపంచముననే అతి పెద్ద చలనచిత్ర నిర్మాణ ప్రాంగణముగా గిన్నిస్ గ్రంథమున కెక్కినది. లోపల ఉద్యానములు, వినోదశాలలు, సితార, తార అను హోటళ్లు కలవు. 1955లో అమెరికాలో డిస్నీలాండు తెరచిననాటినుండి లోకమంతట వ్యాపించిన థీమ్ పార్కు అను పద్ధతికి మన తెలుగునాట ఇది పేరెన్నికగన్న రూపము.

మొదటి దినము ఆ దంపతులు ఎట్లు గడపుదురు? ఉదయమున ఆటపాటల స్వాగతము. పిదప బస్సులో ప్రయాణము. ఇరువైపుల వీథులు, రాజభవనములు, రైలు ఎన్నడును రాని రైల్వే స్టేషను, విమానము ఎగురని విమానాశ్రయము. ఒకే కట్టడము ముందువైపు ఒకటిగా, ప్రక్కవైపు మరొకటిగా కన్పట్టును. ఇల్లాలు దిగి, గోడను వ్రేలితో తట్టి చూచి, "ఇన్ని పైసలు పెట్టి ఉత్త గోడలు చూడవచ్చినమా?" అని భర్తనడుగును. ఆయన వెంటనే పలుకడు. రంగు వెలియని ఆ గోడలను, తుడిచిన ఆ ద్వారములను చూచి కొంతసేపటికి, "లేనిదానికి రంగు వేస్తున్నరు, ఉన్నదానికి తాళం వేసిండ్రు" అనును.

ఈ మాట బోధను వారెవ్వరికైనను గుండెలో గ్రుచ్చుకొనును. కాని విచారణ ఇచటనే ఆగరాదు. ఆ మాటలో వేదన నిజము. నిందలో న్యాయము సగమే. ఆ గోడ అబద్ధమైనను దానిని నిలబెట్టిన వడ్రంగి చేయి అబద్ధము కాదు. రంగు పూసినవాడు, బట్టలు కుట్టినవాడు, ఎండలో వేషము ధరించి పిల్లలకు చేయి కలుపుచున్నవాడు, వీరందరును కాయకమే చేయుచున్నారు. పైగా ఆ గోడ తాను గోడనే యని ఒప్పుకొనుచున్నది. చూచువానికి తెలియనట్లు దేనిని కాజేయుటలేదు. వేషము వేరు, మోసము వేరు. బసవేశ్వరుడు ఖండించినది నటుని వేషమును కాదు, భక్తుని వేషమును. విభూతి ధరించి తూకమున తగ్గించువాడు, రుద్రాక్ష దాల్చి కూలివాని కూలి యెగబెట్టువాడు, వీరి ముందు ఆ అట్టగోడ సత్యవంతమే యనవలెను.

మధ్యాహ్న భోజనమున మరియొక విశేషము జరుగును. వడ్డన ముగిసి, తినుట ముగిసి, ఇల్లాలు అలవాటుచొప్పున పళ్లెములు తీయబోవును. అచటి పనివాడు, "వద్దమ్మా, మేము తీస్తాము" అని వారించును. ఆమె ఆ చేతులనేమి చేయవలెనో తెలియక ఒడిలో పెట్టుకొనును. ఫ్యాక్టరీల చట్టము 1948లో ఇరువది దినముల పనికొక దినము చొప్పున వేతనముతో కూడిన సెలవును కార్మికునకు హక్కుగా గుర్తించినది. భర్త ఆ సెలవును అనుభవించియే యుండును. ఇంటియందు బీడీ చుట్టుచు వంట చేయు స్త్రీకి ఆ లెక్కన ఎన్ని సెలవులు బాకీపడినవి? ఎవరు వ్రాసిరి ఆ లెక్క? జీవితమంతయు వడ్డించినామె వడ్డింపబడుటకు సంకోచించుచున్నదనిన, తప్పు ఆమె సంకోచమునందు లేదు. ఇంతకాలము ఆమెను కూర్చుండనీయని ఇంటియందున్నది. ఇచ్చుట నేర్చినవారు పుచ్చుకొనుటయు నేర్వవలెను. పుచ్చుకొనువాడు లేనిచో దాసోహమెవరికి?

అయినచో ప్రతి విహారమును ధర్మమేనా? కాదు. దీనికి శరణుల కథలలోనే కొలత గలదు. ఆయ్దక్కి మారయ్య వాకిట రాలిన బియ్యమేరి తెచ్చుట కాయకముగా గలవాడు. ఒకనాడు గోష్ఠిలో మైమరచి పని మరువగా పత్ని లక్కమ్మ గుర్తుచేసెను. ఆయన పరుగునపోయి నాటి అవసరమునకు మించి తెచ్చెను. ఆమె సంతోషింపలేదు, మించినదానిని తిరిగి యిచ్చి రమ్మనెను. ఆయన యిచ్చివచ్చెను. ఈ చిన్న కథలో తీరికకు హద్దు గలదు, సంపాదనకు హద్దు గలదు. భార్య చెప్పగా భర్త వినుట అన్నింటికంటె ముఖ్యముగా గలదు.

దీనినిబట్టి మూడు ప్రశ్నలు వేసికొనవచ్చును. మొదటిది, ఈ వ్యయము దేనినుండి వచ్చినది? కష్టార్జితములో మిగిలినదైన మేలు. అప్పు తెచ్చినదైనను, ఇంటి రోగి మందునకో, బీదబిడ్డ చదువునకో ఉంచినది తీసినదైనను ఆ విహారము విషమే. రెండవది, దంపతులు ఏకమనస్కులై పోయిరా? ఒకరు లాగగా ఒకరు ఈడ్వబడినచో అది యాత్రయైనను వ్యర్థము. పై దృష్టాంతమున కుమారుడు తండ్రిని మాత్రమే అడిగి, తల్లికి చెప్పి యూరకుండెనేని, ఆ లోపము ప్రేమచేత పూడదు. మూడవది, తమకు సేవచేయు వారిలోని శివుని చూచిరా? గది ఊడ్చినవానిని, బస్సు నడపినవానిని పేరడిగి పలుకరించినవారికి ఆ దినము వినోదమే కాక అనుభవమును అగును. డబ్బు చెల్లించితిమి గదా యని కసరినవారు ఇంట కూర్చుండి లింగపూజ చేసినను అంతియే.

పెద్దలు కొందరు ఆక్షేపింతురు: అంత ధనముతో బసవకల్యాణమునకో శ్రీశైలమునకో పోరాదా? పోవచ్చును, పోవుట మంచిదే. కాని స్థావరమునకు నాశము కలదనియు, చరించు జంగమునకు లేదనియు బోధించిన గురువు శిష్యులు, చోటునుబట్టియే పుణ్యపాపములు నిర్ణయించుట చెల్లదు. క్షేత్రమునకు పోయి వసతిగదికై కలహించి వచ్చువారు కలరు. ఉద్యానమున కూర్చుండి, నలువది యేండ్లలో మాటాడుకొనని మాట మాటాడుకొని వచ్చు దంపతులును కలరు. అట్లని క్షేత్రమును, వినోదస్థలమును సమానమని చెప్పుట కాదు. ఒకటి మనస్సును నిలుపుటకు ఏర్పడినది. రెండవది మనస్సును మరపించుటకు ఏర్పడినది. మరపు ఔషధమువంటిది. కొలతతో పుచ్చుకొనవలెను.

విహారమునకు దూరమే పోవలెనను నియమమును లేదు. నిజామాబాదు చెంతనే అలీసాగరము, దాని ఉద్యానము కలవు. గోదావరి, మంజీర, హరిద్ర కలియు కందకుర్తి త్రివేణీ సంగమము కలదు. ఇంటినుండి అటుకులో, జొన్నరొట్టెలో కట్టుకొని పోయి, సాయంకాలము నీటియొడ్డున కూర్చుండి వచ్చుటకు అప్పు అవసరము లేదు. ఆ రొట్టెలు కూడ ఆనాడు ఇల్లాలు ఒక్కతెయే చేయకుండ అందరును చేయి వేసినచో అది నిజమైన సెలవగును.

ఇక ఆ గృహస్థుని మాట మిగిలియున్నది. తాళము పడిన కర్మాగారమును తలచి ఆయన పడిన దుఃఖమునకు ఏ వినోదశాలయు మందు కాదు. మందని చెప్పువాడు ఆయనను మోసగించువాడే. కాయకము పోయినవానికి మొదట కావలసినది కాయకము. ఆ రాత్రి దీపకాంతులలో ఆయన మౌనముగా నడచుచుండగా ఇల్లాలు, "నీ గానుగ తీపి నేను మర్వలే" అని ఒక్కమాట అన్నచో, ఆ దినపు వ్యయమంతయు సార్థకమే. పనిని పోగొట్టుకొన్నవాని పనితనమును ఇంటివారు మరువకుండుటయే వానికి దక్కు గౌరవము.

కావున విహారము పాపమని బిడ్డల ప్రేమను త్రోసిపుచ్చనక్కరలేదు. విహారమే జీవితమని కాయకమును మరువనక్కరయు లేదు. మఠములు గ్రామములలో గోష్ఠులు జరుపునపుడు శ్రమను గూర్చి చెప్పినట్లే, శ్రమించు స్త్రీపురుషుల విశ్రాంతిని గూర్చియు చెప్పవలెను. పని దొరకనివారికి పని చూపుట గూడ దాసోహమేయని ఉన్నవారికి బోధింపవలెను. ప్రతి గృహమున ఇల్లాలి కొక దినము చేతులు ఒడిలో పెట్టుకొని నిశ్చింతగా కూర్చుండు భాగ్యము కలుగునుగాక! మరునాడు ఆ చేతులు సంతోషముతో మరల పనిని చేపట్టునుగాక!