మన సెలవు, వాటి పనికాలం

పాలకొల్లు దాటి చించినాడ వంతెన ఎక్కి దిగితే దిండి. అక్కడ వశిష్ఠ గోదావరి మీద కేరళ తరహా హౌస్‌బోట్లు తిరుగుతాయి. పండక్కి హైదరాబాదు నుంచో అమెరికా నుంచో వచ్చిన చుట్టాల్ని ఆ పడవెక్కించడం మా వైపు మర్యాదల్లో ఒకటైపోయింది. అలా నేనూ ఎక్కాను. ముందువైపు కుర్చీ వేసుకుని కూర్చుంటే ఇటు కొబ్బరితోటలు, అటు లంకలు. నీళ్ళలో పాతిన కర్ర మీద నీటికాకి రెక్కలు రెండూ చాపుకుని ఆరబెట్టుకుంటోంది. తెల్లతల గరుడపక్షి ఒకటి నది మీదికి వాలి, కాళ్ళతో ఏదో తన్నుకుని పోయింది. ఏ పనీ పెట్టుకోకుండా నీళ్ళ మీద కూర్చున్నప్పుడు మనసుకి వచ్చే నెమ్మది ఉంది చూశారూ, అది నిజమైనదే. దాన్ని డబ్బున్నవాళ్ళ సరదా అని తీసిపారేయను.

గూడబాతులు ఇటు వస్తాయా అని సరంగుని అడిగాను.

"అయ్యి సూడాలంటే కొల్లేరెల్లాలండి. ఇప్పుడు ఆటపాకలో పిల్లల్ని సాకుతుంటాయి. తీరుబడిగా ఉండవండి" అన్నాడు.

ఆ ఒక్క ముక్కతో నా ఆలోచన దారి మళ్ళింది. మనం తీరిక చేసుకుని చూడబోయే ప్రాణికి అసలు తీరికే లేదు. నవంబరు నుంచి మార్చి దాకా మనకి చలికాలపు విహారం. గూడబాతుకి మాత్రం ఏడాదంతటిలో ఒళ్ళు విరిగే కాలం అదే.

భీమవరం, ఆకివీడు మీదుగా కైకలూరు వెళ్తే దాని పక్కనే ఆటపాక. అటవీశాఖ వాళ్ళు నీళ్ళలో ఇనుప స్టాండ్లు నిలబెట్టారు. గూళ్ళు కట్టుకోవడానికి తగినన్ని చెట్లు లేని చోట పక్షులు ఆ ఇనుమునే కొమ్మలనుకున్నాయి. ఒక్కో స్టాండు మీద పుల్లల గూళ్ళు ఒరుసుకుంటూ ఉంటాయి. అయిదు కిలోల బరువుండే పక్షి గాల్లోంచి దిగి, ఆ ఇరుకులో తన గూటి అంచు మీదే కాళ్ళు మోపుతుంది. ముక్కు పైభాగం అంచున వరసగా నీలిమచ్చలు, ముక్కు కింద వేలాడే తోలుసంచి. తల్లి నోరు తెరవగానే పిల్ల తన తలంతా, మెడతో సహా, ఆ సంచిలోకి దూర్చేస్తుంది. లోపల ఏం జరుగుతోందో మనకి కనపడదు, తల్లి గొంతు కదలడమే కనిపిస్తుంది. పిల్ల తల బయటికి తీసేసరికి తల్లి అలిసిపోయినట్టు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ వేటకి లేస్తుంది. పడవలో ఉన్నవాళ్ళం "అబ్బ, ఎంత బావుందో" అంటాం. ఒకరి కష్టం చూసి మనం సేద తీరుతున్నాం. అది తప్పని అనను. ఆ సంగతి తెలిసి చూడటం వేరు, తెలియక చూడటం వేరు.

చూడటంలో ఇంకో రకం ఉండేది మన దగ్గర. 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు మన పశ్చిమగోదావరి జిల్లాలోనే, ఆరేడు అనే ఊళ్ళో గూడబాతుల పెద్ద స్థావరాన్ని గుర్తించి, తర్వాత బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో దాని గురించి రాశారు. ఆయన గుర్తించారంటే లోకానికి చెప్పారని అర్థం. ఊరివాళ్ళకి ఆ పక్షులు కొత్తవా! అంతకు ఎనభై ఏళ్ళ ముందే జెర్డన్ అనే ఆంగ్లేయుడు దక్షిణాదిలో ఒక ఊరి నడుమ, అంత ఎత్తులేని చెట్ల మీద తరతరాలుగా గూళ్ళు పెడుతున్న గూడబాతుల్ని చూసి, మనుషులు ఇంత దగ్గరగా మసులుతున్నా ఇవి లెక్కచేయడం లేదని రాసుకున్నాడు. ఆ ఊళ్ళలో ఎవరూ పక్షుల్ని చూడటానికని సెలవు పెట్టి ఉండరు. కోతలు కోసేవాడు కోస్తుంటే, మేపుకునేది మేపుకునేది. ఇద్దరూ పనిలోనే ఉన్నారు. పనిలో ఉన్న ఇద్దరి మధ్య పుట్టేది ఇరుగుపొరుగుతనం. తీరిగ్గా కూర్చున్నవాడికీ పనిలో ఉన్నదానికీ మధ్య ఉండేది దృశ్యం మాత్రమే. మనం పోగొట్టుకున్నది పక్షుల సంఖ్య ఒక్కటే కాదు, ఈ పొరుగుతనం కూడా.

అది ఎలా పోయిందో ఇక్కడ అందరికీ తెలుసు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చి పోసే వరదని కొల్లేరు పట్టి ఉంచి, ఉప్పుటేరు మీదుగా నిదానంగా సముద్రానికి వదులుతుంది. పక్షికీ, చేపకీ, మనకీ ఆ నిదానమే రక్ష. 1970ల్లో లంక గ్రామాల మత్స్యకారుల పేరిట సొసైటీలకి చెరువులిచ్చారు. తర్వాత డబ్బున్నవాళ్ళు లీజులకి దిగారు. గట్టు పక్కన గట్టు లేచింది. కిక్కిస పోయింది, కొర్రమీనూ మట్టగిడసా తిరిగే పల్లపు నీళ్ళు పోయాయి. తాటిదోనె మీద బతికినవాడు సొంత కొల్లేట్లో కాపలా కూలీ అయ్యాడు. 1999లో అయిదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు దాకా, 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు అంతర్జాతీయ చిత్తడినేలల రామ్‌సార్ జాబితాలోకి ఎక్కింది. 2006లో గట్లు పేల్చి చెరువులు కొట్టేశారు. తర్వాత చాలాచోట్ల గట్లు మళ్ళీ లేచాయి.

మూడో కాంటూరుకి కుదించాలని అడిగేవాళ్ళున్నారు. నా మటుకు నేను ఒప్పుకోను. సరస్సుని గీత గీసి చిన్నది చేయొచ్చు, వరదని చేయలేం. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచింది, నీటికి చోటు లేకుండా చేస్తే ఏమవుతుందో ఆ ఒక్క వారం చెప్పింది. అలాగని అయిదో కాంటూరు లోపల జిరాయితీ పట్టా ఉన్న చిన్న రైతుకి పైసా ఇవ్వకుండా, పక్షుల కోసం నువ్వు వదులుకో అనడం కూడా న్యాయం కాదు. టికెట్టు కొని చూసే నాలాంటివాడి ఆనందానికి అతని పొలం ఖరీదు కాకూడదు. ఆ నష్టపరిహారం ప్రభుత్వం ఇవ్వాలి, అందులో మన పన్నుల వాటా ఉండాలి. చూసినందుకు మనం చెల్లించాల్సింది అది.

విహారాలు మానమని చెప్పడం లేదు. పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్ళండి. దిండిలో గోదావరిని చూపించండి, ఆటపాకలో గూడబాతుని చూపించండి. కానీ పడవ నడిపే అతన్ని "ఇంకాస్త దగ్గరికి పోనీవయ్యా" అని బతిమాలకండి. పెద్ద పక్షులు బెదిరి లేస్తే గూట్లో గుడ్లూ, ఈకలు రాని పిల్లలూ ఎండకీ కాకులకీ దొరికిపోతాయి. స్టాండ్లకి దూరంగా ఉండగానే ఇంజను ఆపమనండి. ఫోటో సరిగ్గా రాకపోయినా ఫర్వాలేదు.