ఎంచడమా, పిలవడమా

పోయిన మహాలయ అమావాస్యకు మా మనవడు బెంగళూరు నుంచి మదనపల్లెకు వచ్చాడు. తర్పణాలు అయిపోయి నేను తడిపంచె దండెం మీద వేస్తుంటే వాడు ఫోను లోంచి తలెత్తి, “తాతా, మీ హైదరాబాద్ పోలీసు టీములో ఆల్‌టైమ్ ఎలెవన్ చెప్పు. మా బెంగళూరు ఎఫ్‌సీది నేను రాసేసినా” అన్నాడు. వాడికి పది నిమిషాలు పట్టిందట. 2013లో పుట్టిన క్లబ్బు, అందులో ఆడిన ప్రతివాణ్ణీ వాడు కళ్ళారా చూశాడు. నాకు నెలలు పట్టాయి. రాసిన కాగితం మూడుసార్లు చించాను.

మదనపల్లెలో కూర్చున్న రిటైర్డు డ్రిల్లు సారుకు హైదరాబాద్ సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టుతో చుట్టరికం ఏమిటని అడగొచ్చు. చుట్టరికమే. మా మేనమామది పుంగనూరు. కర్నూలులో ఒక ఆఫీసులో అటెండరు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని కర్నూలు నుంచి హైదరాబాద్‌కు మారినప్పుడు ఫైళ్ళతో పాటు ఆయన కూడా మారాడు. కొత్త ఊరు, అర్థంకాని ఉర్దూ, సాయంత్రమైతే పలకరించే దిక్కు లేదు. కాళ్ళు ఫతే మైదాన్ వైపు లాక్కుపోయాయి. ఆ తర్వాత ఎండాకాలం సెలవులకు పుంగనూరు వచ్చిన ప్రతిసారీ అరుగు మీద మాకు చెప్పింది ఆ జట్టు కథలే. మనిషి పుంగనూరు ఆవులాగా పొట్టి, మాట మాత్రం ఒంగోలు గిత్త.

సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడిపంతులి చేతికి వచ్చిన జట్టు అది. బొంబాయి రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు ఎవరికీ ఇవ్వలేదు. డ్యూరాండ్ కప్పు 1950లో గెలిచారు, 1954లో గెలిచారు, 1957లో గెలిచారు. అదే రహీం దేశానికి కోచ్ అయి 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ బంగారు పతకాలు తెచ్చి, 1963 జూన్‌లో క్యాన్సర్‌తో పోయాడు. నా మనవడికి ఆయన ‘మైదాన్’ సినిమాలో అజయ్ దేవ్‌గణ్‌గా తెలుసు. అంతవరకైనా తెలియడం సంతోషమే.

ఇప్పుడు అసలు చిక్కు. నేను వీళ్ళలో ఒక్కణ్ణీ ఆడగా చూడలేదు. మామ చూశాడు, కానీ 1957 తర్వాతే. ఐదు రోవర్స్ కప్పుల కాలం ఆయనకూ వినికిడే. అంటే విన్నవాడి దగ్గర విన్నవాణ్ణి నేను. మన శాస్త్రాలు జ్ఞానానికి ప్రత్యక్షం, అనుమానం, శబ్దం అని ప్రమాణాలు చెబుతాయి. నా చేతిలో ఉన్నది మూడోది ఒక్కటే. శబ్దం ప్రమాణం కావాలంటే చెప్పేవాడు ఆప్తుడై ఉండాలన్నారు నైయాయికులు. మామ నాకు ఆప్తుడే, మేనమామ కంటే ఆప్తుడెవరు? కానీ వాళ్ళు చెప్పే ఆప్తుడు ఉన్నదున్నట్టు చెప్పేవాడు. మా మామ తన మామిడి చెట్టుకు ఎన్ని కాయలు కాశాయో కూడా ఉన్నదున్నట్టు ఎప్పుడూ చెప్పలేదు. అలాంటి సాక్షి మాట పట్టుకుని ఆ జట్టులో నూర్ మహమ్మద్ గొప్పా, యూసుఫ్ ఖాన్ గొప్పా అని తీర్పు ఇవ్వడమంటే గుడికి వెళ్ళకుండా ప్రసాదం రుచి చెప్పినట్టే.

మొదటి కాగితం అందుకు చించాను. రెండోది చించింది రహీం వల్ల.

ఆయన పద్ధతులు కొన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు. బంతిని కాలి దగ్గర పెట్టుకుని ఒకణ్ణీ ఇద్దర్నీ తప్పించుకుంటూ పోవడం, అదే డ్రిబ్లింగ్, కుదరదని నిబంధన పెట్టి పోటీలు నడిపాడు. బంతి వచ్చిందంటే వెంటనే పక్కవాడికి ఇచ్చేయాలి. అలవాటు లేని కాలితోనే ఆడాలని ఇంకో రకం పోటీ. నేను కుప్పంలో పనిచేసిన రోజుల్లో ఈ రెండోది మా బడి పిల్లల మీద ప్రయోగించాను. కుడికాలి మోకాలి కింద జేబురుమాలు కట్టించి, ఆ కాలు బంతికి తగిలితే ఫౌల్ అన్నాను. మొదటి రోజు సగం మంది బంతి దగ్గరికి పరుగెత్తుకెళ్ళి, ఎడమకాలు ఎత్తబోయి, తమ కాళ్ళకు తామే తట్టుకుని మట్టిలో పడ్డారు. అందరికంటే బాగా ఆడే పిల్లోడు ఒకడు, ఊళ్ళో వాణ్ణి చూసి ఈలలు వేసేవాళ్ళు, ఏడుపు మొహంతో వచ్చి “సార్, ఈ రుమాలు విప్పితే నేనొక్కణ్ణే గోల్ కొడతా గదా” అన్నాడు. వాడు చెప్పింది నిజమే. నెల తర్వాత బంగారపేటలో రైలు మారి కోలారు బంగారు గనుల పిల్లలతో ఆడటానికి వెళ్ళాం. వాడొక్కడే బంతి తీసుకుపోయాడు, తీసుకుపోయాడు, తీసుకుపోయిన ప్రతిసారీ పోగొట్టుకున్నాడు. ఆరు గోల్సు తిన్నాం. ఆ గనుల పిల్లల్లో నాకు ఒక్కడి ముఖం కూడా గుర్తు లేదు. గుర్తున్నది బంతి ఒకడి కాలి నుంచి ఇంకొకడి కాలికి పోయిన తీరు మాత్రమే.

జట్టును అట్లా మలిచిన మనిషి కదా రహీం. ఒక్కడి గొప్ప కనబడకుండా, ఆట మాత్రమే కనబడేలా. అలాంటి జట్టులోంచి పదకొండు మంది ‘గొప్పవాళ్ళను’ ఏరడం ఆయన మీద తిరగబడటం కాదా? నాగసేనుడు మిళిందుణ్ణి అడిగిన రథం ప్రశ్న ఇదే. చక్రం రథమా, ఇరుసు రథమా, కాడి రథమా? ఏదీ కాదు. మన ఆల్‌టైమ్ ఎలెవన్ గాళ్ళం ఒక రథం చక్రం, ఇంకో రథం ఇరుసు, మూడోదాని కాడి తెచ్చి కుప్ప పోసి, లోకంలో ఇంత మంచి రథం లేదని మురిసిపోతాం. దాన్ని ఎద్దులకు కట్టి చూసిన పాపాన ఎవడూ పోలేదు. పైగా ఈ రథానికి పేరు కూడా నిలకడగా లేదు. రాష్ట్రం మారాక హైదరాబాద్ సిటీ పోలీసు కాస్తా ఆంధ్ర పోలీసు అయింది, 1961 డ్యూరాండ్ ఆ పేరుతోనే గెలిచింది. ఆ తర్వాతి కాలపు నయీముద్దీన్‌ను తీసుకోవాలంటే రెండు పేర్లూ ఒకే జట్టువని ముందు ఒప్పుకోవాలి. నేను ఒప్పుకున్నాను. ఇంటిపేరు మారినంత మాత్రాన ఆడపిల్ల పుట్టింటిది కాకుండా పోతుందా?

మూడో కాగితం సంగతి చెప్పడానికి నాకు కొంచెం సిగ్గు. మా ఊరు జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన ఊరు. 1895లో ఇక్కడ పుట్టి, జగద్గురువని జనం సంఘంగా కూడితే 1929లో ఆ సంఘాన్నే రద్దు చేసి తప్పుకున్నవాడు. పోలిక ఉన్నచోట భయం ఉంటుందని, ఒకణ్ణి ఇంకొకడితో కొలిచి చదువు చెప్పకూడదని జీవితమంతా చెప్పాడు. ఆయన రిషీవ్యాలీ బడి ఆ మాట మీదే నడుస్తుంది. నేను ముప్పై మూడేళ్ళు విజిల్ ఊది ఫస్టు, సెకండు, థర్డు అని పిల్లల్ని నిలబెట్టినవాణ్ణి. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు, ఈయనెప్పుడూ స్పోర్ట్సు డే జరపలేదు పాపం అనుకున్నాను. ఇప్పుడు, ఈ వయసులో, పదకొండు మందిని ఎంచాలంటే మిగతా వాళ్ళను కొట్టేయాలని పెన్ను పట్టుకుని కూర్చుంటే, చెయ్యి ఆగింది. చనిపోయిన మనుషులను కొలవడానికి నేనెవణ్ణి?

ఆపేసేవాణ్ణే. కానీ ఆ రోజు మనవడు అడిగింది తర్పణం అయిన వెంటనే కదా, ఆ తడిపంచె గుర్తొచ్చింది.

తర్పణంలో ఏం చేస్తాం? వేలికి దర్భ పవిత్రం పెట్టుకుని, అరచేతిలో నల్ల నువ్వులు, నీళ్ళు తీసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి వదులుతూ పేర్లు చెబుతాం. తండ్రి వసురూపుడు, తాత రుద్రరూపుడు, ముత్తాత ఆదిత్యరూపుడు. ముత్తాతను నేను చూడలేదు. ఆయన గొప్పవాడా కాదా అని పురోహితుడు అడగడు. మా తాత పేకాటలో మడి చెక్క పోగొట్టాడు, ఆ సంగతి పుంగనూరంతా తెలుసు. అయినా ఏటేటా రుద్రరూపుడే. (తిలోదకాలు వదిలేయడమంటే పూర్తిగా వదులుకోవడమని మాట ఎట్లా స్థిరపడిందో నాకు తెలీదు. చేసేవాడికి తెలుసు, అది వదలడం కాదు, పట్టుకోవడం.) అక్కడ చూడనివాళ్ళ పేరు చెప్పడానికి సాక్ష్యం అక్కర్లేదు. మామ మాట చాలు. ఎంచడం కాదది, పిలవడం.

ఈ ముక్క మా సాయిబు మిత్రుడికి చెప్పాను. టమోటా మండీలో లెక్కలు రాసి రిటైరయ్యాడు, నాలాగే ఫుట్‌బాల్ పిచ్చి. “అజీజుద్దీన్‌కూ నూర్ మహమ్మద్‌కూ నువ్వు నువ్వులు వదిలితే ఎట్లప్పా?” అని నవ్వాడు. కాస్త ఆగి, “మేమూ ఫాతిహా ఇచ్చేటప్పుడు పేర్లు చెప్తాంలే. పేరు చెప్పేదే ముఖ్యం, నీళ్ళా పాయసమా అనేది ఇంటి వాడుక” అన్నాడు. నాకు ఆ రోజుకు అది చాలింది.

ఇక పిలవడం మొదలుపెట్టాను. బ్యాక్‌లో అజీజుద్దీన్, పక్కన నయీముద్దీన్. హాఫ్‌లో నూర్ మహమ్మద్, 1952 హెల్సింకీకీ 1956 మెల్‌బోర్న్‌కూ రెండు ఒలింపిక్స్‌కు వెళ్ళినవాడు. యూసుఫ్ ఖాన్ జకార్తా బంగారు జట్టు మనిషి, ఎక్కడ నిలబెట్టినా ఆడతాడని మామ అనేవాడు, అందుకే ఆయనకు చోటు రాయలేదు, పేరు మాత్రమే రాశాను. ముందు వరసలో మొయినుద్దీన్, జుల్ఫికరుద్దీన్. పోలిక పూర్తిగా చచ్చిపోయిందని అబద్ధం చెప్పను. నూర్ మహమ్మద్ పేరు మిగతావాటికంటే పెద్ద అక్షరాలతో పడింది. దిద్దలేదు.

పేచీ వచ్చింది పీటర్ తంగరాజ్ దగ్గర. 1935లో హైదరాబాద్‌లో పుట్టాడు, ఆసియాలోనే మేటి గోల్‌కీపర్ అనిపించుకున్నాడు. కానీ డ్యూరాండ్ గెలిచింది మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌కు, తర్వాత వెలిగింది కలకత్తా క్లబ్బుల్లో. పోలీసు జట్టు చొక్కా ఆయన ఒంటి మీద పడలేదు. పుట్టుక వల్ల మనవాడా, చేసిన పని వల్ల పరాయివాడా? తులసీదాస్ బలరాందీ ఇంచుమించు ఇదే గొడవ. సికింద్రాబాద్ అమ్ముగూడ బిడ్డ, 1960 రోమ్‌లో హంగరీ మీద గోల్ కొట్టినవాడు, కానీ లోకం ఆయన్ను ఈస్ట్ బెంగాల్ బలరాం అంటుంది. మనవడు “టాలెంట్ చూడు తాతా, వేసెయ్” అన్నాడు. సాయిబు మిత్రుడు “చొక్కా చూడు, తీసెయ్” అన్నాడు. దీనికీ తర్పణంలోనే దారి దొరికింది. మూడు తరాలు అయిపోయాక కారుణ్య పితరులని ఇంకో వరస ఉంటుంది. మేనమామ, అత్త, గురువు, స్నేహితుడు, మన గోత్రం కాని మనవాళ్ళంతా ఆ వరసలోకి వస్తారు. తంగరాజ్, బలరాం బెంచి మీద కూర్చున్నారు. అది చిన్నతనం కాదు, మా మామకు నేను నీళ్ళు వదిలేది కూడా ఆ వరసలోనే.

అయితే గోల్‌కీపర్ ఎవరు?

మామ పోయాక ఆయన ట్రంకుపెట్టె నాకు వచ్చింది. అడుగున పేపరు కత్తిరింపు ఒకటి, మడతల దగ్గర చిరిగిపోయి, పసుపు మరకతో. జట్టు ఫొటో. రెండు వరసల్లో నిలబడ్డ మనుషులు. కొన్ని ముఖాల కింద మామ పెన్సిలుతో పేర్లు రాశాడు, కొన్నిటి కింద రాయలేదు. వెనక వరసలో కుడివైపు చివర వేరే రంగు స్వెట్టరు వేసుకున్న పొడుగాటి మనిషి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ముఖం మీదే మడత వచ్చి ముక్కూ నోరూ తెల్లగా అరిగిపోయాయి, కళ్ళు మాత్రం మిగిలాయి. గోల్‌కీపరే. పేరు రాయలేదు. పాత పుస్తకాలు వెతికితే గోల్‌కీపర్ల పేర్లు దొరుకుతాయి, అందులో ఏ పేరు ఈ కళ్ళదో చెప్పేవాడు పోయాడు. నామరూపాలు విడిపోవడమంటే వేదాంతంలో మోక్షం. ఇక్కడ మాత్రం ఒక మనిషి అన్యాయంగా తప్పిపోయినట్టుంది.

తర్పణం చివర పంచె కొంగు పిండి నీళ్ళు నేల మీద వదులుతాం. పేరు చెప్పి పిలిచే కొడుకులు లేనివాళ్ళకు అవి చెందుతాయంటారు. గోల్ ముందు ఆ స్వెట్టరు మనిషినే నిలబెట్టాను. మనవడు కాగితం చూసి “ఇదేంది తాతా, ఒకటో నంబరు దగ్గర పేరు లేదు?” అన్నాడు. ఫొటో చూపించాను. వాడు ఫోనులో దాన్ని ఫొటో తీసి, ముఖం పెద్దది చేసి చాలాసేపు చూశాడు.

ఇది చదివే మీలో ఎవరి ఇంట్లోనైనా పాత జట్టు ఫొటో ఉంటే, హైదరాబాద్ పోలీసుదే కానక్కర్లేదు, మీ ఊరి హైస్కూలుదైనా సరే, గుర్తుపట్టగలిగే పెద్దవాళ్ళు బతికుండగానే వెనక వరస ఎడమ నుంచి కుడికి పేర్లు రాసి పెట్టండి. పెన్సిలుతో కాదు.